గట్టు మీద ఒక రాయి ఎక్కువ

నడకకు హైకింగ్ అని ఒక పేరుందని నాకు యాభై తొమ్మిదో ఏట తెలిసింది. అప్పటికి నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. జీతానికి చేస్తే డ్యూటీ అంటారు, సంతోషానికి చేస్తే హైకింగ్ అంటారు. తేడా అంతే.

సిరొంచ అడవుల్లో నేను వన మజూరును. అంటే గార్డు కంటే కింద, జీపు వెంట ఉరికే కుక్క కంటే కొంచెం పైన. మంటలు లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాలి. పులి అడుగు కనబడితే చుట్టూ పుల్లతో గీత గీసి పైవాళ్లకు చెప్పాలి. కొత్తగా వచ్చిన సాబ్‌ల ముందు నడిచి దారి చూపాలి. భామ్రాగడ్ దిక్కు డ్యూటీ పడ్డ ఏడాది వానలకు వాగులు పొంగి రోడ్డు తెగిపోతే, బియ్యం నెత్తిన పెట్టుకుని మూడు రోజులు నడిచాను. ఎవడూ చప్పట్లు కొట్టలేదు.

మీరు ఇప్పుడు ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటున్నారు. పెట్టుకోండి, మంచిదే. పక్కవాడు ఎక్కడ ఆగిపోయాడో మాత్రం ఆ ఫోను చెప్పదు. అది చూసుకోవలసింది మనిషి. నేను చూసుకోలేదు. ఒక ప్రాణం నా చేతుల్లోంచి జారిపోబోయింది. నా సర్వీసులో చెప్పుకోదగ్గ రోజు ఏదని అడిగితే అదే చెబుతాను, సిగ్గుపడుతూనే.

రిటైరుకు ముందు ఏడాది, చలికాలం. నదుల మీద వంతెనలు వచ్చాక అవతలి పట్నాల జనం మా అడవులు చూడడానికి రావడం మొదలైంది. అట్లా ఒక నడక సంఘం వాళ్లు అనుమతి అడిగారు. వాళ్ల పెద్ద ఒక డాక్టరు. సన్నగా, వెదురు కర్రలా ఉంటాడు, మాటకు ముందు నవ్వుతాడు. మా రేంజర్ సాబ్ నాగపూర్ దిక్కు మనిషి. నన్ను పిలిచి, రేగుంట దిక్కు అడవిలో ఒక దారి చూడమన్నాడు. ఈ మొదటి నడక బాగా జరిగితే దారిని పక్కా చేసి, అడవి పల్లెల పిల్లలకు దారి చూపే పని ఇస్తామన్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. నా దారి! నా కాళ్లకు తెలిసిన దారి! మరునాడే వెళ్లి కొలుచుకుని వచ్చాను. అన్ని రకాల నడకా అందులో ఉండాలనుకున్నాను. పల్లె దాటగానే చదును బాట. అక్కడ ఒళ్లు వేడెక్కుతుంది. తరువాత వాగు. ఇసుకలో నడక పిక్కలను పిండుతుంది. ఆపైన గట్టు. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్లకు. ఎక్కడం కష్టమని అందరూ అంటారు గానీ, పడేవాడు దిగేటప్పుడే పడతాడు. గట్టు దిగితే నది ఒడ్డు, అక్కడ భోజనం. మొత్తం పన్నెండు కిలోమీటర్లు. మూటలు మోస్తూ రోజుల తరబడి వెళ్లే నడక ఇంకొకటి ఉంది, అది మనిషి బుద్ధిని పరీక్షిస్తుంది. మొదటిసారే అంత వద్దనుకున్నాను.

ఈ సంగతి ఊరంతా పాకింది. మా ఊరి కిరాణా సేటు కూడా డాక్టరుకు ఫోన్ చేసి పేరు ఇచ్చాడు. సేటుదీ నాదీ ఒకటే వయసు. ముప్పై ఏళ్లు గల్లా పెట్టె ముందు కూర్చుని, దుకాణం అరుగు దిగడమే పెద్ద ప్రయాణం అనుకునే మనిషి. సుగర్ జబ్బు. నడవకపోతే కాళ్లు పోతాయని వైద్యులు బెదిరించారు.

"ఏంది సేటు, నువ్వు గట్టెక్కుతవా? గట్టే నీ మీద ఎక్కుతది" అన్నాను.

"నువ్వు ముందట నడువు. నీ ఎనక నడువలేనా? బర్రెలు గూడ నడుస్తయి నీ ఎనక, నాకేమైంది?" అన్నాడు.

వాళ్లింటామె లోపలి నుంచి వచ్చి, "అన్నా, జర పైలం. ఈయన ఆకలైతదని చెప్పడు, కోపం జేస్తడు" అంది. ఆ మాట నేను నవ్వుతూ విన్నాను. విన్నాను గానీ పట్టించుకోలేదు.

ఆ రోజు తెల్లవారి పల్లె బయట పందొమ్మిది మంది చేరారు. ముక్కుల్లోంచి పొగలు. రంగురంగుల బూట్లు. నా వెంట గార్డుగా ఒక అడవి పల్లె పిల్ల, అహేరిలో చదువుకుంది. గోండి, మరాఠీ, తెలుగు మూడూ మాట్లాడుతుంది, నన్ను కాకా అంటుంది. రేంజర్ సాబ్ జీపులో భోజనాలతో నది ఒడ్డుకు పోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. డాక్టరు రాసిన జాబితా. పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బు ఉందో. అంతా తెలుగులో.

"ఇధర్ తెలుగు తుమ్ ఏక్‌హీ హో" అన్నాడు సాబ్, మా మనుషుల్లో తెలుగువాడివి నువ్వొక్కడివేనని. ఆయనకూ తెలుగు చదవరాదు, పిల్లకూ రాదు. వాళ్ల చదువు మరాఠీది. నేను తెలుగువాడిని, పైగా హాజరు మస్టరు మీద సంతకం చేస్తాను. కాబట్టి చదువు వచ్చనుకున్నారు.

నాకు రాదు. ఆ సంతకం నేను రాసింది కాదు, గీసింది. పీతను చూసి పీత బొమ్మ గీసినట్టు. నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు. కాగితాన్ని తలాడిస్తూ పై నుంచి కిందికి చూసి, మడిచి, జేబులో పెట్టాను.

ఇగ బయలుదేరాం! ఏం చెప్పను ఆ హుషారు! మంచు రాలుతోంది, అడవి కోళ్లు కూస్తున్నాయి. ఎలుగుబంటి గోళ్ల గీతలు చూపిస్తే పట్నం వాళ్లు చెట్టును పట్టుకుని ఫొటోలు. నేను ముందు, పిల్ల వెనుక. నాకు మాటలు ఆగడం లేదు. మంచి శ్రోతలు దొరికితే ముసలివాడు తాగినవాడే. నీళ్లు దాహం కాకముందే గుటకగుటకగా తాగండి అన్నాను. బూటులో రాయి దూరితే సిగ్గుపడక ఆగి తీసేయండి, బొబ్బ లేచాక తీసి లాభం లేదన్నాను. పక్కకు పోవాలంటే పోండి, ఎవరికైనా చెప్పి పోండి అని ఒక్క మాట కూడా అనలేదు. అన్నిటికంటే ముందు చెప్పవలసింది అది.

వాగు దగ్గర బూట్లు విప్పి దాటాం. సేటు తన సంచీని పొద్దున పల్లె దగ్గరే జీపులో వేశాడు, బరువెందుకని. అందులోనే ఇంటామె కట్టిన రొట్టెలూ లడ్డూలూ ఉన్నాయి. నాకు అది కనబడింది. నేను కూడా, "మంచిగ జేసినవ్ సేటు, చేతులూపుకుంట రా" అన్నాను. అడవిలో ఎవడి తిండి వాడి భుజం మీద ఉండాలని పద్దెనిమిదో ఏటే నేర్చుకున్నవాడిని నేను!

ఎక్కగా ఎక్కగా గట్టు నెత్తి వచ్చింది. అక్కడ దేవుడు ఉన్నాడు. గుడి లేదు, బొమ్మ లేదు. రాళ్ల కుప్పే దేవుడు. దాటిన ప్రతి మనిషీ ఒక రాయి వేసి పోవాలి. మా తాతల నుంచి వస్తున్న పద్ధతి. దీన్ని నేను లెక్కకు వాడుకునేవాడిని. కుప్ప పక్కన బల్లపరుపుగా ఒక బండ ఉంది. మా డ్యూటీ వాళ్లం కాక, ఆ రోజు వచ్చిన వాళ్లంతా ముందు దాని మీద వరుసగా రాళ్లు పెట్టాలి. అవి ఎన్నో చూసుకుని, కుప్పలో కలిపి కదులుతాను. కాగితం అక్కరలేదు, పేర్లు అక్కరలేదు. ఎందరు సాబ్‌లను అట్లా దాటించానో! ఒక్కసారి తప్పలేదు.

డాక్టరు నా వెనకే వచ్చాడు. ఉత్సాహం ఆగక నేను, "సార్, ఈడ రాయి వెడితే కాళ్ల నొప్పులు ఈడనే ఉండిపోతయి. మనతోని దిగయి" అని గొప్పగా చెప్పాను. డాక్టరు నవ్వాడు. ఇంతలో ఒకామె మడమ బొబ్బలెక్కి కూలబడితే నేను గుడ్డ కట్టడానికి పోయాను. జనం నలుగురైదుగురుగా వస్తున్నారు, రాయి పెడుతున్నారు, అవతలి వైపు నీడకు దిగిపోతున్నారు. అందరి వెనక పిల్ల వచ్చింది. నేను లేచి బండ చూశాను. పందొమ్మిది రాళ్లు.

"కాకా, సేటు మీ ఎంబడి వచ్చిండా? వాగు కాడ నాకు కనబడలే" అంది పిల్ల.

"ముందట దిగిండేమో. లెక్క సరిపోయింది గద."

"జర ఆ కాయిదం తీసి పేర్లు పిలువరాదుండ్రి. ఇంత సేపు పట్టదు."

జేబు మీద చెయ్యి వేసుకున్నాను. "రాళ్లు అబద్ధం చెప్తయా? నాకు నేర్పుతానవా నువ్వు?" అన్నాను. గట్టిగానే అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. రాళ్లను కుప్పలో కలిపేశాను.

ఆ కోపం పిల్ల మీద కాదు, జేబులోని కాగితం మీద. నా మాటలు చదువుతున్న మీలో ఎవరికైనా పని దగ్గర ఊరికే కోపం వస్తుంటే, ఏ రాని విద్యను దాచుకుంటున్నారో ఒకసారి చూసుకోండి.

నది ఒడ్డుకు దిగాం. "సగళే ఆలే నా?" అని అడిగాడు రేంజర్ సాబ్. అందరూ వచ్చారా అని. "ఆలే సాబ్, ఏకోణీస్" అన్నాను, పందొమ్మిది మందీ వచ్చారని, ఛాతీ విరుచుకుని. పందొమ్మిది మోదుగాకు విస్తర్లు పరిచారు. అందరూ కూర్చున్నారు. ఒక విస్తరి ముందు మనిషి లేడు.

నేను తలలు లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను. పద్దెనిమిది. సేటు లేడు.

"పందొమ్మిది రాళ్లున్నయి! నా కండ్లతోని చూసిన!" అన్నాను, అందరి మీదా అరిచినట్టు.

డాక్టరు చేతిలో ముద్ద ఆగిపోయింది. "రెండు నేను పెట్టిన" అన్నాడు మెల్లగా. "మీరు నొప్పులు పోతాయన్నారు గదా. మా అమ్మకు మోకాళ్లు... ఆమె పేరు మీద ఒకటి."

ఇగ చూడండి! తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిందా? నా గొప్పల్లోనే పుట్టింది.

డాక్టరు నా జేబులోంచి కాగితం తనే లాక్కుని చదివాడు. సేటు పేరు పక్కన, "ఇన్సులిన్ తీసుకుంటారు. టైముకు తినకపోతే ప్రమాదం." తన చేత్తో రాసిందే. పొద్దున ఆరింటికి సూది వేసుకున్న మనిషి. ఇప్పుడు పన్నెండు దాటింది. తిండి సంచీ నా పక్కనే, జీపులో ఉంది.

ఉరికాను. యాభై తొమ్మిదేళ్ల కాళ్లు, అప్పుడే దిగిన గట్టు. పిల్ల నా వెంటే, డాక్టరు ఆమె వెనక. గట్టు ఎట్లా ఎక్కానో, ఎట్లా దిగానో నాకు ఇప్పటికీ తెలియదు. వాగు దగ్గర మోకాళ్ల మీద పడి ఇసుక చూశాను. మనుషుల అచ్చులు కూడా జంతువుల అచ్చుల్లాగే చూసి గుర్తుపెట్టుకోవడం నా అలవాటు. సేటువి కొత్త బూట్లు, అడుగున చేప పొలుసుల గుర్తు. అదిగో! వాగుకు పల్లె వైపు ఒడ్డునే, అందరి అడుగులూ నీళ్లలోకి పోతుంటే, పొలుసుల బూటు ఒక్కటే పక్కన పొదల్లోకి మళ్లింది.

"ఒంటికి పోయిండు" అన్నాను.

"చెప్పొచ్చు గద!" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

"ఆడపిల్లవు, నీకెట్ల చెప్తడు?"

పొదల నుంచి తిరిగి వచ్చేసరికి గుంపు దాటిపోయింది. అక్కడ రెండు బాటలు. ఒకటి మనుషులది, సన్నగా ఉంటుంది. రెండోది పశువులది, వెడల్పుగా, నున్నగా, పిలిచినట్టు ఉంటుంది. గల్లా ముందు కూర్చున్న మనిషి ఏది పడతాడు? వెడల్పుదే పట్టాడు. పశువుల బాటను ఎప్పుడూ నమ్మకండి. అది మేతకు పోతుంది, పది పాయలై మాయమవుతుంది.

దుమ్ములో అచ్చులు ముత్యాల్లా ఉన్నాయి. అడుగు వెంట అడుగు వేశాను. మొదట చక్కటి నడక, మడమ లోతుగా. కొంత దూరం పోయాక బొటనవేలి దగ్గర ఈడ్చిన గీతలు. ఆ తరువాత అడుగులు అటూ ఇటూ, తాగినవాడివిలాగా. సేటు తాగడు. డాక్టరు ఆ గీతలు చూసి, "సుగర్ పడిపోతున్నది" అన్నాడు.

రాతినేల వచ్చి అచ్చులు పోయాయి. నిలబడ్డాను. ఇక్కడ తొందరపడి ఉరికితే మనిషిని తొక్కుకుంటూ పోయినా తెలియదు. ఊపిరి బిగబట్టి విన్నాను. ఎడమ చేతి వైపు కొండముచ్చులు ఖర్ ఖర్‌మని దగ్గుతున్నాయి. కిందికి చూసి దగ్గుతున్నాయి. చెట్టు కింద ఏదో ఉంది. చిరుత కావచ్చు, సేటు కావచ్చు.

సేటే. తునికి చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అంత చలిలో అంగీ చెమటతో తడిసి ముద్ద. రెండు చేతులూ తక్కెడలా పైకీ కిందికీ ఆడిస్తున్నాడు.

"సేటూ!"

"ఏం గావాలె?" అన్నాడు నా వైపు చూడకుండా. "పప్పా, ఉప్పా?"

"నువ్వే గావాలె సేటూ!"

"దుకాణం బంద్. రేపు రా."

డాక్టరు గడ్డం పట్టుకుని కళ్లు చూశాడు. "మింగుతడు, తీపి ఏదన్నా ఇవ్వండి, జల్ది!" లడ్డూల సంచీ తేవాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. నా నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ ఉంటుంది, అందులో పుట్నాలూ బెల్లం ముక్కా. బెల్లం నీళ్లలో నలిపి కొంచెం కొంచెంగా పోశాం. ఒక్కో గుటకకూ నేనూ గుటక మింగాను. పిల్ల సేటు అరచేతులు రుద్దుతోంది. ఎంత సేపో చెప్పలేను. తక్కెడ మెల్లగా ఆగింది. సేటు పెదవులు చప్పరించి, మొహం చిట్లించాడు.

"ఇది మా దుకాణం బెల్లం గాదు" అన్నాడు. "యాడ గొన్నవ్‌రా?"

పిల్ల పకపకా నవ్వింది, కళ్లలో నీళ్లతోనే. డాక్టరు నేల మీద వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ నవ్వాడు. నేను నవ్వలేదు. సేటు పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

నది ఒడ్డుకు తెచ్చాక రేంజర్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "యాదీ వాచలీ నాహీ కా?" అన్నాడు. జాబితా చదవలేదా అని. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఏదో అబద్ధం ఆడేవాడినేమో.

"సాబ్, నాకు చదవరాదు. ఏ భాషా రాదు."

ఆ మాట నలభై ఏళ్లుగా నా లోపల కుళ్లింది. పైకి అంటే ఒక్క ఊపిరి పట్టింది. పందొమ్మిది మందీ విన్నారు. సేటు విస్తరి ముందు నుంచే అందుకున్నాడు:

"వానికి సదువు రాదని నాకు ముప్పయ్యేండ్ల సంది ఎరుకే సాబ్! మా దుకాణంల పొట్లం కాయిదం తలకిందులు పట్టుకొని సదువుతడు. మధ్యల 'అయ్యో పాపం' గూడ అంటడు!"

నవ్వులు. నేను పిల్ల దగ్గరికి పోయి, "నువ్వు మంచి మాట చెప్తే కసిరిన, తప్పైంది బిడ్డా" అన్నాను. "ఇగ పోనీ కాకా, అన్నం తినుండ్రి" అంది. తరువాత ఆ దారి పక్కా అయింది. ఆ పిల్లే దాని నియమాలు పెట్టింది: బయలుదేరేటప్పుడు, వాగు దగ్గర, గట్టు మీద, మూడుసార్లు పేర్లు పిలవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ముందు ఉండాలి. పక్కకు పోయేవాడు తన కర్రను బాట మధ్యలో నాటి పోవాలి, కర్ర అక్కడున్నంతసేపు ఎవరూ కదలకూడదు. దేవుడికి రాళ్లు ఎన్నయినా వేసుకోవచ్చు.

సేటు ఇగ నడక మానేస్తాడనుకున్నాను. మరునాడు పొద్దున్నే మా గడప ముందు పొలుసుల బూట్లతో నిలబడి ఉన్నాడు. జేబుల నిండా చాక్లెట్లు.

"నిన్న సగమే నడిచిన. మిగిలిన సగం నడిపియ్" అన్నాడు.

ఆ నడక ఇప్పటికీ ఆగలేదు. రోజూ నది ఒడ్డున పోతాం. నడుము రెండంగుళాలు తగ్గింది, నిద్ర పడుతోంది, సూది మందును డాక్టరు కొంత తగ్గించాడు. దుకాణంలో అరవడం కూడా తగ్గిందని వాళ్లింటామె అంటుంది. నేను వైద్యుణ్ణి కాను, చూసింది చెబుతున్నాను. ఒంటరిగా నడిస్తే వారం నడుస్తారు, తోడు ఉంటే ఏళ్లు నడుస్తారు.

ఆ మొదటి ఉదయమే ఇసుకలో కొంత దూరం పోయాక సేటు ఆగి, ఒక పుల్ల విరిచాడు. "నాకు నడక నేర్పుతానవు. ఉత్తగ నేర్పించుకోను. ఏం రాయాలె ముందుగాల? నీ పేరా?"

"నా పేరు నేను గీస్త తియ్యి. నిన్న డాక్టర్ సార్ నీ పేరు పక్కన నీ సూది మందు పేరు సదివిండు, గా మాట రాయి."

సేటు నా మొహం చూశాడు. వంగి, తడి ఇసుకలో నాలుగు అక్షరాలు పెద్దగా రాసి, పుల్ల నా చేతికి ఇచ్చాడు. లోకమంతా అ ఆలతో మొదలుపెడుతుంది, నేను ఇన్సులిన్‌తో మొదలుపెట్టాను. మొదటి అక్షరం చుట్టూ పుల్ల తిప్పేసరికే గీత పక్కకు జారింది. రెండో దాని కింద ఇంకో అక్షరం వేలాడుతోంది, అక్కడ నిజంగానే ఆయాసం వచ్చి నిలబడిపోయాను.

"జర నిమ్మలంగ" అన్నాడు సేటు, నా పక్కన ఇసుకలో కూలబడుతూ. "ఊపిరి పీల్చుకో. నేను ఆగుత."